ఫ్లయింగ్ నేర్చుకుంటున్నవాళ్లకి లైఫ్ ఇన్సూరెన్స్: ఫారంలో ఆ ఒక్క ప్రశ్నకి ఏం రాయాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్‌లో ఉంటున్నావు, 36 ఏళ్లు, ఇద్దరు చిన్న పిల్లలు, ఇంటి లోన్ ఇంకా 26 ఏళ్లు ఉంది, డెంటన్ ఎయిర్‌పోర్ట్‌లో సెస్నా 172 (చిన్న ట్రైనింగ్ విమానం) మీద 18 గంటలు అయ్యాయి, పది లక్షల డాలర్ల టర్మ్ పాలసీ తీసుకుందామని వెళ్తే ఏజెంట్ గారు "ఫ్లయింగ్ సంగతి ఫారంలో రాయొద్దు, లైసెన్స్ ఇంకా రాలేదు కదా, రాస్తే ప్రీమియం మూడింతలు అవుద్ది" అన్నారు, రాయాలా వద్దా అన్నా అని అడిగావు.

రాయాలి. ఇందులో రెండో మాట లేదు. ఎందుకో, రాస్తే ఎంత అవుతుందో, దాన్ని ఎలా తగ్గించుకోవచ్చో అన్నీ చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు. నేను 2009లో ప్రైవేట్ పైలట్ అయ్యాను, 700 గంటలు దాటాయి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి ఎగరడానికి అర్హత) ఉంది, ఉద్యోగం వచ్చేసి పదకొండేళ్లు లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీల అండర్‌రైటింగ్ (రిస్క్ చూసి ప్రీమియం తేల్చే పని) సాఫ్ట్‌వేర్ మీదే చేశాను, అందుకని కౌంటర్‌కి ఇటు వైపూ అటు వైపూ రెండూ చూశాను.

ముందు ఆ ఫారంలో ప్రశ్న సరిగ్గా ఏముందో చూడు. "మీకు పైలట్ లైసెన్స్ ఉందా" అని ఉండదు. గత రెండేళ్లలో ప్రయాణికుడిగా కాకుండా విమానంలో ఎగిరారా, వచ్చే రెండేళ్లలో ఎగిరే ఉద్దేశం ఉందా అని ఉంటుంది (కొన్ని కంపెనీలు మూడేళ్లు, ఐదేళ్లు అని కూడా అడుగుతాయి). నువ్వు పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకుని యోక్ (విమానం స్టీరింగ్) పట్టుకున్న మొదటి రోజే దీనికి జవాబు "అవును" అయిపోయింది. ఇంకో నెలకో రెండు నెలలకో సోలో చేస్తావు, అప్పుడు విమానంలో నువ్వు ఒక్కడివే, పైలట్ ఇన్ కమాండ్ (విమానానికి బాధ్యుడైన పైలట్) కాలమ్‌లో నీ గంటలే పడతాయి. లైసెన్స్ రాలేదు కాబట్టి లెక్కలోకి రాదు అనే మాటకి ఎక్కడా ఆధారం లేదు. పైగా కింద సంతకం పెట్టేది నువ్వు, ఏజెంట్ కాదు. రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు ఆయన చెప్పాడు అందుకే రాయలేదు అని చెప్పడానికి నువ్వు ఉండవు, మరదలు ఉంటుంది, ఆ అమ్మాయికి ఈ సంగతి తెలిసే ఉండదు.

అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో పాలసీ మొదలైన మొదటి రెండేళ్లని కంటెస్టబిలిటీ పీరియడ్ అంటారు. ఆ లోపల మనిషి పోతే కంపెనీ అప్లికేషన్ మొత్తం తిరగేసి చూడొచ్చు, ప్రీమియం మీద ప్రభావం చూపించే అబద్ధం ఏదైనా దొరికితే పాలసీనే రద్దు చేసి కట్టిన ప్రీమియంలు వెనక్కి ఇచ్చి ఊరుకోవచ్చు. ఇక్కడ ఇంకో విషయం, నువ్వు హైవే మీద కార్ యాక్సిడెంట్‌లో పోయినా అదే పని చేయగలరు, అబద్ధానికీ చావుకీ సంబంధం ఉండాలని చాలా రాష్ట్రాల్లో రూల్ లేదు. ఫ్లయింగ్ దాచితే ఫ్లయింగ్ కవర్ ఒక్కటే పోతుంది అనుకుంటారు చాలామంది, మొత్తం పోయే ప్రమాదం ఉంది.

అదీకాక దాచడానికి ఇది దాగే విషయం కాదు. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న పైలట్ల పేర్లు వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఎఫ్ఏఏ మెడికల్ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లిన కాగితం ఉంటుంది. స్కూల్‌కి క్రెడిట్ కార్డ్ మీద కట్టిన బిల్లులు ఉంటాయి, లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరిన ప్రతి ఫ్లయిట్ పక్కన ఇన్‌స్ట్రక్టర్ సంతకం, తేదీ, విమానం నంబర్‌తో సహా ఉంటాయి. ఇక ప్రమాదం జరిగితే ఎన్‌టీఎస్‌బీ (ప్రమాదాల మీద విచారణ చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) విచారణ చేస్తుంది, పైలట్‌కి మొత్తం ఎన్ని గంటల అనుభవం ఉందో రిపోర్ట్‌లో రాస్తారు, ఆ రిపోర్ట్ పబ్లిక్. ఇంత పక్కాగా రికార్డ్ అయ్యే హాబీ ఇంకోటి నాకు తెలియదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ఏజెంట్ మూడింతలు అన్నారు, నిజం చెప్పాలంటే స్టూడెంట్ పైలట్‌గా ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువే అవ్వొచ్చు, అది దాచడం నాకు ఇష్టం లేదు. ఫ్లయింగ్‌కి అదనంగా వేసేదాన్ని ఫ్లాట్ ఎక్స్‌ట్రా అంటారు. ప్రతి వెయ్యి డాలర్ల కవర్‌కి ఏడాదికి ఇన్ని డాలర్లు అని వేస్తారు, మామూలుగా రెండున్నర నుంచి ఐదు మధ్యలో చూస్తూ ఉంటాం. వయసుతో, ఆరోగ్యంతో సంబంధం ఉండదు, నీ హెల్త్ క్లాస్ ప్రిఫర్డ్ ప్లస్ (అన్నిటికంటే మంచి గ్రేడ్) వచ్చినా అది పైన పడుతుంది. లెక్క చూడు: పది లక్షలకి వెయ్యికి రెండున్నర చొప్పున వేస్తే ఏడాదికి 2,500 డాలర్లు. ఆరోగ్యంగా ఉండి సిగరెట్ అలవాటు లేని 36 ఏళ్ల మనిషికి 20 ఏళ్ల టర్మ్ అసలు ప్రీమియం ఏడాదికి 600 డాలర్లకి అటూ ఇటూగా ఉంటుంది. అంటే కొసరు అసలుకి నాలుగింతలు అయింది. ఈ అంకె చూసే చాలామంది "నో" గడిలో టిక్ పెట్టేస్తారు.

కానీ ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే కోపం తగ్గుతుంది. అమెరికాలో జనరల్ ఏవియేషన్‌లో (ఎయిర్‌లైన్స్, మిలిటరీ కాని విమానాలు) ప్రతి లక్ష గంటలకి ప్రాణాలు పోయే ప్రమాదం ఒకటికి అటూ ఇటూగా జరుగుతుంది. ఏడాదికి 100 గంటలు ఎగిరే పైలట్లు వెయ్యి మంది ఉంటే వాళ్లంతా కలిసి ఎగిరేది లక్ష గంటలు, అంటే ఆ వెయ్యి మందిలో ఏడాదికి ఒకరు. వెయ్యి డాలర్ల కవర్‌కి ఒక డాలర్ అన్నమాట, అది సగటు. ఆ సగటులో కంపెనీల విమానాలు, ప్రొఫెషనల్ పైలట్లు నడిపేవి కూడా కలిసి ఉంటాయి, మనలాగ శని ఆదివారాలు సరదాకి ఎగిరేవాళ్లని విడిగా తీస్తే ప్రమాదాల రేటు ఇంకా ఎక్కువ. కాబట్టి రెండున్నర అనేది వాళ్లు గాల్లోంచి తీసిన అంకె కాదు. మన రిస్క్ నిజంగానే ఉంది తమ్ముడూ, కంపెనీ దాన్ని లెక్క కట్టింది, మనం కూడా ఇంట్లో లెక్క కట్టుకోవాలి.

ఇక్కడే రెండో దారి ఒకటి చూపిస్తారు, దాని గురించి జాగ్రత్తగా విను. "సరే అండి, ఎక్స్‌ట్రా వద్దంటే ఏవియేషన్ ఎక్స్‌క్లూజన్ పెట్టుకోండి, ప్రీమియం మామూలుగానే ఉంటుంది" అంటారు. దానర్థం నువ్వు పైలట్‌గా గానీ క్రూగా గానీ విమానంలో ఉండి పోతే కవర్ డబ్బు రాదు, కట్టిన ప్రీమియంలు లాంటివి ఏవో వెనక్కి ఇస్తారు. టికెట్ కొనుక్కుని ఎయిర్‌లైన్స్‌లో హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఏమైనా అయితే మామూలుగా కవర్ ఉంటుంది, దాని గురించి భయపడక్కర్లేదు. కంటెస్టబిలిటీ రెండేళ్లతో అయిపోతుంది, ఎక్స్‌క్లూజన్ మాత్రం పాలసీ ఉన్నంతకాలం ఉంటుంది, 19వ ఏడు కూడా అంతే. ఈ రెండింటినీ కలిపేసి "రెండేళ్లు దాటితే ఎవరూ ఏమీ చేయలేరు" అని చెప్పేవాళ్లు మన వాట్సాప్ గ్రూపుల్లో చాలామంది ఉన్నారు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. 2011లో మా రెండో అమ్మాయి పుట్టినప్పుడు ఒక కంపెనీ దగ్గర ఐదు లక్షల డాలర్ల పాలసీ తీసుకున్నాను. గంటలు, విమానం, రేటింగ్ అన్నీ నిజమే రాశాను. ప్రీమియం అనుకున్నదానికంటే తక్కువే వచ్చింది, ఏజెంట్ తెచ్చిన కాగితాల కట్టలో చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి మొదటి పేజీలో అంకె చూసుకుని ఫైల్లో పెట్టేశాను. నాలుగేళ్ల తర్వాత ఇల్లు రీఫైనాన్స్ చేస్తున్నప్పుడు ఒక రాత్రి మా ఆవిడ డైనింగ్ టేబుల్ మీద కాగితాలన్నీ పరుచుకుని కూర్చుంది. ఇంటి ట్యాక్స్ రసీదులు ఒక పక్క, ఇన్సూరెన్స్‌లు ఒక పక్క, ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఉంది. చివరి నుంచి రెండో కాగితం తీసి ఏమీ అనకుండా నా ముందు పెట్టింది. పైన ఏవియేషన్ ఎక్స్‌క్లూజన్ రైడర్ (పాలసీకి జత చేసే అదనపు షరతు) అని ఉంది, ఒక పేరా, కింద నా సంతకం. నేను చదివేదాకా ఆగి "అయితే ఈ నాలుగేళ్లూ నువ్వు పైన ఉన్నప్పుడు మాకేమీ లేనట్టేనా" అని అడిగింది. ఆ నాలుగేళ్లలో నేను దాదాపు 300 గంటలు ఎగిరాను. అందులో పిల్లలు నిద్ర లేవకముందే వెళ్లిన ఆదివారాలు ఎన్నో ఉన్నాయి. ఆ రోజు నుంచి కొత్త పాలసీ చేతికి వచ్చేదాకా ఏడు వారాలు నేను విమానం ముట్టుకోలేదు. అందుకే చెప్తున్నా, పాలసీ వచ్చిన రోజు మొదటి పేజీ సంగతి తర్వాత, చివరి పేజీల నుంచి చదవడం మొదలుపెట్టు, రైడర్లు అక్కడే కుడతారు. మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

సరే, రేటు ఎలా తగ్గుతుంది. అండర్‌రైటర్ నీకు ఏవియేషన్ క్వశ్చనీర్ అని ఒక ఫారం విడిగా పంపుతారు. మొత్తం గంటలు, పైలట్ ఇన్ కమాండ్ గంటలు, గత 12 నెలల్లో ఎన్ని, వచ్చే 12 నెలల్లో ఎన్ని అనుకుంటున్నావు, ఏ విమానం, రేటింగ్‌లు ఏమిటి, సరదాకా వ్యాపారానికా, ప్రమాదాలు గానీ ఎఫ్ఏఏ చర్యలు గానీ ఉన్నాయా, అమెరికా కెనడా బయట ఎగురుతావా, ఇవీ ప్రశ్నలు. కంపెనీకీ కంపెనీకీ చాలా తేడా ఉంటుంది గానీ మొత్తం 100 గంటలు దాటి, ఏడాదికి 25 నుంచి 200 మధ్యలో ఎగురుతూ, మామూలు ఫ్యాక్టరీ విమానం నడిపే ప్రైవేట్ పైలట్‌కి అసలు ఫ్లాట్ ఎక్స్‌ట్రా వేయని కంపెనీలు కూడా ఉన్నాయి. ఏడాదికి పది గంటలే ఎగురుతాను కాబట్టి నా రిస్క్ తక్కువ అనుకుంటారు కొందరు, అండర్‌రైటర్ దాన్ని ఇంకోలా చూస్తారు, చెయ్యి అలవాటు తప్పిన పైలట్ అని. అందులో న్యాయం ఉంది, రెండు నెలలు ఎగరకుండా వెళ్లి క్రాస్‌విండ్‌లో (పక్క నుంచి కొట్టే గాలిలో) ల్యాండ్ చేసినవాళ్లెవరినైనా అడుగు. ఇంట్లో కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ విమానాలు, ఏరోబాటిక్స్, అల్ట్రాలైట్లు, పారాగ్లైడింగ్ ఇవన్నీ వేరే లెక్క, వాటికి రేటు గట్టిగానే పడుతుంది.

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి ఎందుకంత విలువ ఇస్తారో చెప్పడానికి అందరికీ తెలిసిన ఒక ప్రమాదం చాలు. 1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్ కెనడీ జూనియర్ తన భార్యనీ, వదినగారినీ ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి పైపర్ సారటోగాలో బయల్దేరాడు, చుట్టాల పెళ్లికి వెళ్తున్నారు. 300 గంటల పైన అనుభవం ఉంది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు. చీకటి, గాల్లో మసక, కింద సముద్రం, ఆకాశం ఎక్కడ అయిపోయి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియని పరిస్థితి, మార్థాస్ విన్‌యార్డ్ దగ్గర్లో విమానం అదుపు తప్పి సముద్రంలో పడింది. దిశాజ్ఞానం పోవడమే కారణం అని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ముగ్గురూ పోయారు. అండర్‌రైటర్ ఫారంలో ఐఎఫ్ఆర్ (అదే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్) ఉందా అని అడిగిన ప్రతిసారీ ఇలాంటి రాత్రుల గురించే అడుగుతున్నట్టు లెక్క. నువ్వు కూడా లైసెన్స్ రాగానే ఆగిపోకుండా ఆ రేటింగ్ చెయ్యి, ప్రీమియం తగ్గుతుంది అనేది దాని లాభాల్లో చిన్నది.

ఇప్పుడు నీ సంగతికి వస్తే, నేనైతే ఇలా చేస్తాను. ముందు ఆఫీస్‌లో గ్రూప్ లైఫ్ ఎంత ఉందో చూడు. జీతానికి ఒక రెట్టో రెండు రెట్లో కంపెనీయే ఇస్తుంది, దానిపైన కొన్ని చోట్ల ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో ప్రశ్నలేవీ అడగకుండా కొంత పెంచుకోవచ్చు. ఆ బేసిక్ లైఫ్‌లో సాధారణంగా ఫ్లయింగ్ గురించి మినహాయింపు ఉండదు, అయినా హెచ్‌ఆర్‌ని సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్ అడిగి తీసుకుని నువ్వే చదువుకో. దాని పక్కనే ఉండే యాక్సిడెంటల్ డెత్ కవర్‌ని మాత్రం నమ్ముకోవద్దు, పైలట్‌గా ఎగిరేటప్పుడు జరిగితే ఇవ్వం అని చాలావాటిలో స్పష్టంగా ఉంటుంది. గ్రూప్ లైఫ్‌తో ఉన్న పేచీ ఏమిటంటే ఉద్యోగం పోతే అదీ పోతుంది, సొంత పాలసీగా మార్చుకోవడానికి మామూలుగా 31 రోజులే టైమ్, హెచ్‌1బీ వీసా మీద లేఆఫ్ వచ్చి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండే 60 రోజుల హడావిడిలో ఉన్నప్పుడు ఈ కాగితం ఎవరికీ గుర్తుండదు. అందుకే అది ఊతం, దానిమీదే ఇల్లు కట్టొద్దు.

దాని తర్వాత పది లక్షలనీ రెండు పాలసీలుగా విడగొట్టడం ఒక పద్ధతి. నాలుగు లక్షలు ఫ్లాట్ ఎక్స్‌ట్రాతో, మినహాయింపు ఏదీ లేకుండా తీసుకో, వెయ్యికి రెండున్నర పడితే ఏడాదికి 1,000 డాలర్లు. మిగతా ఆరు లక్షలు ఎక్స్‌క్లూజన్‌తో మామూలు రేటుకి తీసుకో, ఒకే కంపెనీ రెండూ ఇవ్వకపోతే రెండు కంపెనీల దగ్గర, రెండో దాని సంగతి మొదటి ఫారంలో రాస్తూ. అప్పుడు జబ్బు చేసినా, కార్ యాక్సిడెంట్ అయినా పది లక్షలు వస్తాయి, విమానంలో జరిగితే నాలుగు లక్షలూ గ్రూప్ లైఫూ వస్తాయి. అది సరిపోతుందా లేదా అనేది నువ్వూ మరదలూ కూర్చుని ఇంటి లోన్ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని తేల్చుకోవాల్సిన లెక్క. ఎఫ్ఏఏ కనీసం 40 గంటలు అంటుంది గానీ చాలామందికి 60, 70 పడుతుంది, అంటే ఇంకో ఏడాదిలో లైసెన్స్, ఏడాదిన్నరకి 100 గంటలు దాటతావు. అప్పుడు కంపెనీకి రాసి ఫ్లాట్ ఎక్స్‌ట్రా తీసేయమని రీకన్సిడరేషన్ అడుగు, వాళ్లు ఒప్పుకోకపోతే కొత్త పాలసీకి వెళ్లు. కొత్తది చేతికొచ్చి మొదలయ్యేదాకా పాతది ఆపొద్దు, కొత్తదానికి కంటెస్టబిలిటీ రెండేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయని కూడా గుర్తు పెట్టుకో.

ఏజెంట్‌ని మార్చు. చెడ్డవాడని కాదు, ఒక్క కంపెనీకి పనిచేసే ఏజెంట్‌కి ఆ కంపెనీ రేటే తెలుసు. పది పదిహేను కంపెనీలతో పనిచేసే ఇండిపెండెంట్ బ్రోకర్ని, పైలట్ల కేసులు ఇంతకుముందు చేసినవాళ్లని పట్టుకో, మీ ఫ్లయింగ్ స్కూల్ ఇన్‌స్ట్రక్టర్లని అడిగితే చెప్తారు. అసలు అప్లికేషన్ పెట్టకముందే పేరు లేకుండా నీ వివరాలు నాలుగైదు కంపెనీల అండర్‌రైటర్లకి పంపి అంచనా తెప్పించమను, అది మామూలుగా చేసే పనే. ఎక్కడ పడితే అక్కడ అప్లై చేసి ఒక చోట డిక్లైన్ అయితే "ఇంతకుముందు ఎవరైనా తిరస్కరించారా" అనే ప్రశ్నకి జీవితాంతం జవాబు రాస్తూ ఉండాలి. ఇంకోటి, ఎఫ్ఏఏ మెడికల్‌లో రాసిన మందులూ జబ్బులూ, ఇంటికి వచ్చి రక్తం తీసుకునే నర్స్‌కి చెప్పేవీ ఒకటే ఉండాలి. షుగర్‌కి మాత్ర వేసుకుంటూ ఒక చోట చెప్పి ఇంకో చోట వదిలేయడం మనవాళ్లలో చాలా చూశాను.

పాలసీ తీసుకున్నాక ఫ్లయింగ్ మొదలుపెట్టినవాళ్ల సంగతి కూడా కొందరు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా. అప్లికేషన్ రోజున నిజంగా ఆ ఉద్దేశం లేక "లేదు" అని రాసి, పాలసీలో ఏవియేషన్ మినహాయింపు లేకపోతే, మూడేళ్ల తర్వాత నేర్చుకోవడం మొదలుపెట్టినా మామూలు టర్మ్ పాలసీ పనిచేస్తుంది. అప్లై చేసిన రోజుకీ పాలసీ చేతికొచ్చే రోజుకీ మధ్యలో మొదలుపెడితే మాత్రం వాళ్లకి చెప్పాలి, డెలివరీ రోజు పెట్టే సంతకంలో ఏమీ మారలేదు అనే మాట ఉంటుంది.

ఇండియాలో తీసుకున్న టర్మ్ ప్లాన్ ఉంటే దాన్నీ బయటికి తియ్యి. అక్కడ మన రెండేళ్ల లాంటిది మూడేళ్లు, ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. ప్రపోజల్ ఫారంలో ప్రమాదకరమైన హాబీల గురించి అడుగుతారు, అక్కడ నిజం రాసి ఉండాలి. యాక్సిడెంట్ రైడర్‌ని మాత్రం లెక్కలో వేసుకోకు, ప్రయాణికుడిగా తప్ప వేరే హోదాలో విమానంలో ఉంటే అది వర్తించదని బాండ్‌లో ఉంటుంది. బేగంపేటలోనో ఇంకెక్కడో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేస్తున్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ లైన్ ఒకసారి చూసుకోవాలి.

ఇంకొక్కటి, ఇది లైఫ్ ఇన్సూరెన్స్ కాదు గానీ చెప్పకుండా ఉండలేను. లైసెన్స్ వచ్చిన వారానికి ఫ్రెండ్స్ అంతా "మమ్మల్ని ఒకసారి ఆస్టిన్ తీసుకెళ్లరా" అంటారు. నీ లైఫ్ పాలసీ నీ కుటుంబానికి, పక్క సీట్లో కూర్చున్నవాడి కుటుంబానికి కాదు. అద్దె విమానం మీద స్కూల్‌కి ఉండే ఇన్సూరెన్స్ ముందు స్కూల్‌ని కాపాడుతుంది, ఆ తర్వాత ఆ ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కోసం నీ మీదకి రావచ్చు కూడా. రెంటర్స్ ఏవియేషన్ పాలసీ విడిగా తీసుకో, అందులో పది లక్షల లయబిలిటీ (ఇతరులకి కట్టాల్సిన నష్టపరిహారం) అని పెద్ద అక్షరాల్లో ఉన్నా ఒక్కో ప్యాసింజర్‌కి లక్ష మాత్రమే అనే సబ్‌లిమిట్ ఉందేమో చూడు, ఇంటి అంబ్రెల్లా పాలసీలో (ఇల్లు, కారు ఇన్సూరెన్స్‌ల పైన తీసుకునే అదనపు లయబిలిటీ కవర్) విమానాలకి కవర్ మామూలుగా ఉండదు. ఖర్చు పంచుకుంటే ఫ్యూయల్, ఆయిల్, ఎయిర్‌పోర్ట్ ఫీజులు, అద్దె వీటిలో నీ వాటా నువ్వు కట్టాలి, నలుగురు ఎక్కితే కనీసం నాలుగోవంతు నీదే. ఫ్రెండ్స్ ప్రేమకొద్దీ మొత్తం మేమే పెట్టుకుంటాం అన్నా ఒప్పుకోకు, అది ఎఫ్ఏఏ రూల్‌కి విరుద్ధం, ఫారంలో "సరదాకి" అని రాసిన నీ జవాబు కూడా అక్కడితో తప్పు అవుతుంది.

ఈ శనివారం లాగ్‌బుక్ తీసి డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరినవి), సోలో, నైట్ కాలమ్‌లు పేజీ పేజీకి కూడి పెట్టుకో, బ్రోకర్ మొదట అడిగేవి అవే. కొటేషన్లు వచ్చాక కంపెనీ పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, ఫ్లాట్ ఎక్స్‌ట్రా ఎంత, ఎక్స్‌క్లూజన్ పేరా ఏమని ఉంది అనే రెండూ ఉంటే చాలు. నువ్వు సంతకం పెట్టేలోపు చూసి చెప్తాను.